పుల్లరి నుంచి పల్లె నర్సరీ దాకా

తెలుగు నేల మీద అడవికి రాతపూర్వకమైన చట్టం వచ్చి నూట నలభై ఏళ్లు దాటింది. అంతకు ముందు ఏ కొండ ఏ ఊరి పశువులది, ఏ వాగు దాటితే ఎవరి పోడు సాగు అన్నది పెద్దల నోట నడిచేది. రైలు పట్టాల దిమ్మలకు, ఓడలకు కలప కావలసి వచ్చాకే దొరతనం చూపు అడవి మీద గట్టిగా పడింది. 1856లో మద్రాసు అటవీ శాఖ బాధ్యత చేపట్టిన వైద్యుడు హ్యూ క్లెగ్‌హార్న్, నరుకుడుకు హద్దు ఉండాలని పట్టుబట్టాడు. 1878 నాటి భారత అటవీ చట్టం ఊళ్ల హక్కులను మరీ తుడిచేస్తుందని వెనకాడిన మద్రాసు ప్రభుత్వం 1882లో తనదైన చట్టం చేసుకుంది. రిజర్వు అడవిగా ప్రకటించే ముందు సెటిల్‌మెంటు ఆఫీసరు బాట హక్కు, మేత హక్కు, నీటి హక్కు విచారించాలన్నది అందులోని నియమం. మంచి నియమమే. కానీ అక్షరం రాని చెంచు, కోయ కుటుంబాలు గడువులోగా అర్జీ ఎలా పెట్టుకోగలవన్నది ఆ చట్టానికి పట్టలేదు.

దాని ఫలితం పల్నాడు చూసింది. తాతల నాటి నుంచి పశువులు మేసిన అడవికి పుల్లరి, అంటే మేత పన్ను, కట్టమంటే కట్టబోమని నిలబడ్డ కన్నెగంటి హనుమంతు 1922లో పోలీసు తూటాలకు నేలకొరిగాడు. అదే ఏడు మన్యంలో అల్లూరి సీతారామరాజు పితూరీ మొదలైంది. దాని వెనకా పోడు మీద ఆంక్షలున్నాయి. 1940లో జోడేఘాట్‌లో కొమరం భీం అడిగిందీ అడవి మీద హక్కే. ఆ తర్వాత వచ్చిన ప్రతి అటవీ విధానమూ వీళ్ల ప్రశ్నకు ఆలస్యంగా వెతుక్కున్న జవాబేనని నా నమ్మకం.

స్వాతంత్ర్యం వచ్చాక దృష్టి నాటడం వైపు మళ్లింది. 1950లో కె.ఎం.మున్షీ వనమహోత్సవం ప్రారంభించారు. 1952 జాతీయ విధానం దేశంలో మూడో వంతు నేల అడవిగా ఉండాలంది. ఆంధ్ర, తెలంగాణ ప్రాంతాల వేర్వేరు చట్టాల స్థానంలో 1967లో ఒకే చట్టం వచ్చింది. 1980 నుంచి అటవీ భూమిని వేరే పనికి మళ్లించాలంటే కేంద్రం అనుమతి తప్పనిసరి అయింది. సామాజిక అడవుల పేరిట చెరువు గట్ల మీద తుమ్మ, రోడ్ల పక్కన నీలగిరి లేచాయి. కాగితపు మిల్లుల గిరాకీతో రైతు పొలంలోకే సుబాబుల్ వచ్చింది.

అసలు మలుపు 1988 జాతీయ విధానం. అడవి దిగుబడి మీద తొలి హక్కు అక్కడి జనం అవసరాలదేనని అది ఒప్పుకుంది. 1992లో మన దగ్గర వన సంరక్షణ సమితులు మొదలయ్యాయి. ప్రపంచ బ్యాంకు రుణం తోడైంది. ఇంటికో మగ, ఓ ఆడ సభ్యులతో ఏర్పడిన సమితి ఏం చేసిందో దగ్గరగా చూస్తే ఆ విధానం అర్థమవుతుంది. నరికిన మోడు చుట్టూ గుబురుగా లేచిన పిలకల్లో బలమైన ఒకటి రెండు ఉంచి మిగతావి కత్తితో తీసేస్తారు. వేరు పాతదే కాబట్టి కొత్త మొక్క కంటే ఆ పిలక వేగంగా ఎదుగుతుంది. వాలుకు అడ్డంగా కందకాలు తీస్తారు. మేకలను కొన్నాళ్లు అటు పోనివ్వరు. ఖర్చు కొంచెం, కాపలా ఎక్కువ. ఆ కాపలా ఊరు పెట్టుకున్నదే కావడం నాకు గర్వంగా ఉంటుంది.

2006 అటవీ హక్కుల చట్టం ఇంకో అడుగు వేసి, సామూహిక అడవిని కాపాడి నిర్వహించే హక్కు గ్రామసభదేనంది. 2015లో తెలంగాణ హరితహారం, 2016లో పరిహార వనీకరణ నిధి చట్టం డబ్బుకు దారులు తెరిచాయి. ఆ నిధిలో తొంభై శాతం రాష్ట్రాలదే. తెలంగాణ 2018 పంచాయతీరాజ్ చట్టం ప్రతి పల్లెకూ నర్సరీ పెట్టమంది. ఎర్రమట్టి, ఇసుక, పశువుల ఎరువు కలిపి నల్ల సంచులు నింపే ఉపాధి కూలీలు ఇప్పుడు ఆ ఊరి వాళ్లే. నాటిన వాటిలో ఎనభై ఐదు శాతం బతకాలన్న బాధ్యత పంచాయతీది. ఇక అటవీ హక్కుల చట్టం కింద వ్యక్తుల పోడు పట్టాలు చాలా చోట్ల చేతికందాయి. గ్రామసభ పేరిట రావలసిన సామూహిక పట్టాలు మాత్రం ఇంకా వెనకబడే ఉన్నాయి.