గుత్తి స్టేషనులో దిగిన నీలి సాలెపురుగు

మన యిండ్ల గోడలపై ఈగను పొంచి, ఒక్క దుముకున పట్టెడు చిన్న సాలెపురుగును ఎరుగనివా రుండరు; దాని యెనిమిది కన్నులలో ముందరి జత మిక్కిలి పెద్దది. ఆ కన్నులు కుటుంబమును తెలుపునే గాని జాతిని తెలుపవు. జాతి తేలవలెనన్న మగదాని నోటిచెంత నుండు స్పర్శాంగముల కొనను సూక్ష్మదర్శినిలో పరీక్షింపవలసినదే. అయితే రాయలసీమలో సాలెపురుగు గుర్తింపు ఒక శతాబ్దికాలపు చిక్కుగా పరిణమించుట కీ దుముకుడు పురుగు కారణము కాదు. చెట్టుతొఱ్ఱలలో కాపురముండు వేఱొక పెద్ద పురుగు.

1899లో లండను బ్రిటిష్ మ్యూజియమునందలి రెజినాల్డ్ ఇన్నెస్ పోకాక్ పండితుడు, గుత్తి రైల్వే కలప అడితిలో దొరకిన యొక్క నమూనాను పరిశీలించి, లోహమువంటి నీలికాంతినిబట్టి దానికి పొయెసిలోథీరియా మెటాలికా అని నామకరణము చేసెను. ఈ ప్రజాతిలోని పురుగులు పైనుండి చూచిన నించుమించు ఒకే తీరుగ బెరడురంగులో నుండును. వాని భేదము కాళ్ల అడుగుభాగమున నున్నది. బెదరినపుడు ముందరికాళ్లు పైకెత్తి నిలుచును గదా, అప్పుడు బయటపడు పసుపు, నలుపు పట్టెలే జాతిచిహ్నములు. మెటాలికాకు ఆ పసుపుతోపాటు పైభాగమున నీలిమ యదనము. అదియు రంగుపదార్థమువలన గలిగినది గాక, రోమముల సూక్ష్మనిర్మాణముపై వెలుగు చేయు పనివలన గలిగినదట!

ఇంత స్పష్టమైన రూపముగల ప్రాణి పిమ్మట 102 ఏండ్లు శాస్త్రజ్ఞుల కంటబడలేదు. వారికి దారి తప్పించినది నమూనాకు గట్టిన చీటీయే యని నా తలంపు. కోటకొండలు, నల్లరేగడి చేలు తప్ప పెద్దమ్రాకుల అడవి కానరాని గుత్తిలో తొఱ్ఱవాసియైన పురుగు పుట్టిపెరుగునా? గుత్తికి చేరువనున్న గుంతకల్లునుండి నంద్యాల, గిద్దలూరుల మీదుగా నల్లమలను చీల్చుకొని తూర్పునకు పోవు రైలుమార్గము 19వ శతాబ్ది చివరి దశకములలో ఏర్పడినది. అడవిదూలముతోపాటు పురుగును బండియెక్కి వచ్చినదని పరిశోధకుల యూహ. ఆ యూహకు బలము చేకూర్చుచు 2001లో అది మరల కనబడినది గుత్తిలో గాదు. దానికి ఈశాన్యమున సుమారు 100 కిలోమీటర్ల దూరమున, నంద్యాల గిద్దలూరుల నడుమ కొండయడవిలో. గిద్దలూరు 1970 వఱకు కర్నూలు జిల్లాలోనిదే గనుక, ఈ నీలిపురుగు గుత్తిదని చెప్పుటకంటె కర్నూలుసీమ దనుట న్యాయము.

కనబడినంతనే కష్టములును మొదలైనవి. నీలివన్నెకై పురుగులను పెంచు విలాసులు విదేశములలో దీనికి గిరాకి కలిగించిరి. 2008లో ఇది అత్యంత ప్రమాదస్థితిలో నున్న జాతిగా ప్రకటింపబడెను. 2019లో ప్రజాతి యంతయు అంతర్జాతీయ వాణిజ్యనియంత్రణ క్రిందికి వచ్చినది. దాని నివాసస్థలము 100 చదరపు కిలోమీటర్లకు లోబడినది, అదియు తునకలు తునకలు; అందే వంటచెఱకుకై, కలపకై గొడ్డలి పడుచున్నది. కొట్టువారి చేత ముందుగా పడునవి వృద్ధవృక్షములు, తొఱ్ఱలుండునవియు నవియే. తొఱ్ఱలు కొఱవడినపుడు ఈ పురుగులు పలువు రొకే తొఱ్ఱలో ఇఱుకుకొని బ్రదుకును గనుక, ఒక మ్రానియందు గుంపు కనబడినంతమాత్రమున సంఖ్య పెరిగినదని లెక్క వ్రాసికొనరాదు.