తీగల సాహిత్ గోల్ఫ్ ప్రస్థానం: వలస చరిత్ర వెలుగులో ఒక పరిశీలన

వ్యాససంగ్రహం

అమెరికాలో అత్యున్నత స్థాయి వృత్తి గోల్ఫ్ పోటీల పరంపర అయిన పీజీఏ టూర్‌లో 2023లో విజేతగా నిలిచిన తీగల సాహిత్, హైదరాబాద్ నుంచి వలస వెళ్లిన తెలుగు దంపతుల కుమారుడు. అతడి క్రీడాజీవితంలోని ముఖ్య ఘట్టాలను ఈ వ్యాసం కాలక్రమంలో పరిశీలిస్తుంది. అతడి గెలుపును ‘తెలుగువాడి విజయం’ అనడంలో చారిత్రక సత్యం ఎంత ఉందో నిర్ధారించడం దీని లక్ష్యం.

కీలకపదాలు: గోల్ఫ్, పీజీఏ టూర్, వలస, ప్రవాసాంధ్రులు, క్రీడాచరిత్ర, క్రీడానీతి.

1. ఉపోద్ఘాతం

తెలుగువారి క్రీడాచరిత్రలో కోడి రామమూర్తి నాయుడి మల్లవిద్య, 2000 సిడ్నీ ఒలింపిక్స్‌లో కరణం మల్లీశ్వరి కాంస్యం, పి.వి. సింధు పతకాలు ప్రసిద్ధ ఘట్టాలు. 1932లో భారత తొలి టెస్టు జట్టుకు నాయకత్వం వహించిన సి.కె. నాయుడు కూడా ఆ వరుసలోని వాడే. అయితే నాయుడు పుట్టినది నాగపూర్‌లో. ఎక్కువకాలం ఆడినది ఇందూరు హోల్కర్ సంస్థానం పక్షాన. తెలుగు కుటుంబంలో పుట్టి తెలుగునేల వెలుపల రూపొందిన క్రీడాకారుడిని మన చరిత్రలో ఎక్కడ ఉంచాలనే ప్రశ్న, కాబట్టి, కొత్తది కాదు. సాహిత్ విషయంలో అదే ప్రశ్న మరింత దూరం నుంచి ఎదురవుతుంది.

అతడి పేరులోనే ఈ దూరం కనిపిస్తుంది. తెలుగు సంప్రదాయంలో ఇంటిపేరు ముందు వస్తుంది. అమెరికా ఫలితాల పట్టికలో ‘సాహిత్’ ముందు, ‘తీగల’ తరువాత. త-కారానికి టి, హెచ్ అనే రెండు అక్షరాలు రాసే దక్షిణాది అలవాటు ఆ రోమన్ రూపంలో నిలిచి ఉంది. ఇంగ్లీషు చదువరికి అది అర్థం లేని ధ్వని. తెలుగు చదువరికి మాత్రం పందిరి మీది తీగ.

2. ఆట స్వభావం, భూమి ప్రశ్న

గోల్ఫ్ మైదానంలో సాధారణంగా పద్దెనిమిది గుంతలుంటాయి. ఒక్కో గుంతలోకి బంతిని ఎన్ని దెబ్బల్లో చేర్చాలో ముందే నిర్ణయిస్తారు. ఆ సంఖ్య ‘పార్’. దానికంటే ఒకటి తక్కువైతే బర్డీ, ఒకటి ఎక్కువైతే బోగీ. వృత్తి పోటీల్లో నాలుగు రోజులు, 72 గుంతలు ఆడి, అన్నింటికంటే తక్కువ దెబ్బలతో ముగించినవాడు గెలుస్తాడు.

ఈ ఆటకు మొదటి షరతు భూమి. పూర్తిస్థాయి మైదానానికి నూరు ఎకరాలకు పైగా కావాలి. అల్లూరు వంటి నెల్లూరు తీర మండలంలో నూరు ఎకరాలంటే కాలువ కింద వరి పొలం, రొయ్యల గుంట, సరుగుడు తోట. అది అనేక కుటుంబాల జీవనాధారం. అంత నేలను కొద్దిమంది ఆట కోసం పచ్చికగా ఉంచడం అక్కడి ఆర్థిక జీవనంలో ఊహకు అందని విషయం.

భారతదేశంలో ఈ ఆట వలసపాలకుల క్లబ్బులతో పాటు వచ్చింది. కలకత్తా క్లబ్ 1829లో, బెంగళూరు క్లబ్ 1876లో ఏర్పడ్డాయి. సైనిక స్థావరాలు, పెద్ద నగరాలు దాటి ఆట పెద్దగా విస్తరించలేదు. ఫలితంగా భారతీయ గోల్ఫర్లకు ప్రధానంగా రెండు దారులు మిగిలాయి. ఒకటి, క్లబ్ సభ్యత్వం గల కుటుంబంలో పుట్టడం. రెండవది, ఆటగాళ్ల సంచులు మోసే కేడీగా మైదానంలో అడుగుపెట్టడం. బెంగళూరులో కేడీగా మొదలై 2009లో ఇండియన్ ఓపెన్ గెలిచిన సి. మునియప్ప రెండవ దారికి ప్రసిద్ధ ఉదాహరణ. సాహిత్ ఈ రెండు దారుల్లోనూ రాలేదు. అతడిది మూడవ దారి, వలస దారి.

3. కుటుంబ వలస

1965 నాటి అమెరికా వలస చట్టం జాతీయ మూలాల ఆధారంగా ఉన్న కోటాలను తొలగించి, వృత్తి నైపుణ్యం గల ఆసియావాసులకు తలుపులు తెరిచింది. తరువాతి దశాబ్దాల్లో తెలుగు ప్రాంతాల నుంచి వైద్యులు, ఇంజనీర్లు, ఉన్నత విద్యార్థులు పెద్ద సంఖ్యలో అక్కడికి వెళ్లారు. సాహిత్ తల్లిదండ్రులు మురళీధర్, కరుణ హైదరాబాద్ నుంచి వెళ్లి దక్షిణ కాలిఫోర్నియాలో స్థిరపడ్డారు. సాహిత్ 1997 డిసెంబరు 8న ఆరెంజ్ కౌంటీలోని ఫుల్లర్టన్‌లో జన్మించాడు. చీనో హిల్స్‌లో పెరిగాడు.

ఆ సంవత్సరానికి గోల్ఫ్ చరిత్రలో ప్రత్యేక స్థానం ఉంది. అమెరికా వృత్తి గోల్ఫర్ల సంఘం 1934 నుంచి 1961 వరకు సభ్యత్వాన్ని శ్వేతజాతీయులకే పరిమితం చేసింది. ఆ నిబంధన తొలగిన 36 ఏళ్లకు, 1997 ఏప్రిల్‌లో, టైగర్ వుడ్స్ మాస్టర్స్ పోటీని 12 దెబ్బల తేడాతో గెలిచాడు. వుడ్స్ పెరిగినది కూడా ఆరెంజ్ కౌంటీలోనే. నల్లజాతి ఆటగాళ్లు దీర్ఘకాలం పోరాడి తెరిపించిన ద్వారం గుండానే వలస కుటుంబాల పిల్లలు ఆ మైదానాల్లోకి వెళ్లారు. సాహిత్ కథను తెలుగు ప్రతిభగా మాత్రమే చెప్పినప్పుడు ఈ పూర్వచరిత్ర మరుగున పడుతుంది.

4. విద్యాలయ క్రీడాదశ

డైమండ్ బార్ ఉన్నత పాఠశాల తరువాత సాహిత్ మాలిబూలోని పెప్పర్‌డైన్ విశ్వవిద్యాలయంలో చేరాడు. 2017లో దక్షిణ కాలిఫోర్నియా అమెచ్యూర్ టైటిల్ గెలిచాడు. మణికట్టు శస్త్రచికిత్స వల్ల 2018-19 విద్యాలయ పోటీలకు పూర్తిగా దూరమయ్యాడు. చిన్ననాటి నుంచి స్కోలియోసిస్ అనే వెన్నెముక వంపు కూడా ఉంది. అతడి బంతి కొట్టే తీరు పాఠ్యపుస్తక నమూనాకు భిన్నంగా ఉండటానికి దాన్ని ఒక కారణంగా చెబుతారు.

తిరిగి వచ్చిన ఏడాదే విద్యాలయ గోల్ఫ్‌లో ప్రధానమైన హాస్కిన్స్, బెన్ హోగన్, జాక్ నిక్లాస్ పురస్కారాలు మూడూ 2020లో అతడికి దక్కాయి. అదే వసంతంలో కోవిడ్ వల్ల జాతీయ విద్యాలయ పోటీలు రద్దయ్యాయి. వ్యక్తిగా అత్యున్నత గౌరవం పొందిన ఆటగాడికి జట్టుతో కలిసి టైటిల్ కోసం ఆడే అవకాశం లేకుండా పోయింది.

ఈ దశలో అతడిని నిలిపిన వ్యవస్థ గమనార్హం. చదువునూ పోటీ క్రీడనూ ఒకే ప్రాంగణంలో నడిపే అమెరికా విశ్వవిద్యాలయం, గాయపడి ఏడాది ఆడని విద్యార్థికి కూడా తిరిగి రావడానికి చోటు ఉంచింది. ప్రవేశ పరీక్షల ఒత్తిడిలో ఆటస్థలం కోల్పోయిన మన కళాశాలలకు ఇది ఆలోచించదగిన అంశం.

5. వృత్తి జీవితం: ఓటములు, గెలుపు

2020లో వృత్తి ఆటగాడిగా మారిన సాహిత్ మరుసటి ఏడాది పీజీఏ టూర్ అర్హత సంపాదించాడు. 2022 ఫిబ్రవరిలో ఫీనిక్స్ ఓపెన్‌లో మూడు రోజులు ముగిసేసరికి ఆధిక్యంలో ఉన్నాడు. చివరి రోజు పదిహేడవ గుంత వద్ద కొట్టిన బంతి నీటిలో పడింది. ఒక్క దెబ్బ తేడాతో ప్లేఆఫ్ అవకాశం పోయింది. ఆ జూన్‌లో ట్రావెలర్స్ పోటీలో ఒక దెబ్బ ఆధిక్యంతో చివరి గుంతకు చేరాడు. అక్కడ ఇసుక గుంటలో చిక్కుకుని రెండవ స్థానంతో సరిపెట్టుకున్నాడు. అయినా తొలి సంవత్సరంలోనే, ముప్పై మందికి మాత్రమే ప్రవేశం ఉండే టూర్ ఛాంపియన్‌షిప్‌కు చేరాడు.

2023 ఏప్రిల్‌లో తొలిసారి ఆడిన మాస్టర్స్‌లో తొమ్మిదవ స్థానంలో నిలిచాడు. 2023 సెప్టెంబరు 17న కాలిఫోర్నియాలోని నాపాలో ఫార్టినెట్ ఛాంపియన్‌షిప్‌ను పార్ కంటే 21 దెబ్బలు తక్కువతో, రెండు దెబ్బల తేడాతో గెలిచాడు. ఇది అతడి తొలి పీజీఏ టూర్ విజయం. భారతీయుల్లో ఆ టూర్ తొలి విజేత 2010లో విండమ్ ఛాంపియన్‌షిప్ గెలిచిన అర్జున్ అట్వాల్. సాహిత్ అమెరికా పౌరుడు. 2024 ప్రెసిడెంట్స్ కప్‌లో అమెరికా జట్టులోనే ఆడాడు. ఈ తేడాను చెరిపివేయడం చరిత్ర రచనకు తగదు.

6. తొండి లేని ఆట

సాహిత్ జీవితంలో విజయం కంటే ఎక్కువ చర్చకు అర్హమైన ఘట్టం 2024 టూర్ ఛాంపియన్‌షిప్‌లో ఉంది. అట్లాంటాలోని ఈస్ట్ లేక్ మైదానంలో మూడవ రోజు, మూడవ గుంత వద్ద అతడి బంతి ఇసుక గుంటలో ఉంది. కొట్టడానికి కర్రను వెనక్కి తీస్తున్నప్పుడు అది ఇసుకకు తగిలిందని అతడికి అనిపించింది. నియమం ప్రకారం అందుకు శిక్ష రెండు దెబ్బలు. ఎవరూ ఫిర్యాదు చేయకముందే తానే అధికారులకు చెప్పాడు. రెండు దెబ్బలు అతడి లెక్కలో చేరాయి.

పోటీ ముగిసేసరికి స్కాటీ షెఫ్లర్ 30, కొలిన్ మోరికావా 26, సాహిత్ 24 దెబ్బలు పార్ కంటే తక్కువగా నిలిచారు. రెండవ స్థానానికి కోటీ 25 లక్షల డాలర్లు, మూడవ స్థానానికి 75 లక్షల డాలర్లు. మిగతా ఆట అలాగే సాగి ఆ రెండు దెబ్బలు లేకుంటే, ఇద్దరూ రెండవ స్థానాన్ని పంచుకుని తలా కోటి డాలర్లు పొందేవారు. ఒక్క మాట విలువ 25 లక్షల డాలర్లు.

ఈ ప్రవర్తనను అర్థం చేసుకోవడానికి తెలుగు పల్లెల ఆటల్లోనే ఒక మాట ఉంది. బిళ్ళంగోడుకు అంపైరు లేడు. ‘తొండి’ ఆడినవాడిని మరునాడు ఎవరూ ఆటకు పిలవరు. తోటివారి నమ్మకమే అక్కడ నియమావళి. కోట్ల డాలర్ల గోల్ఫ్ కూడా మూలంలో ఆ నమ్మకం మీదే ఆధారపడింది. ఒక్కో ఆటగాడి వెంట ఒక్కో న్యాయనిర్ణేత ఉండడు. తన తప్పును ముందుగా చెప్పవలసినవాడు ఆటగాడే.

7. ముగింపు

పై పరిశీలన వల్ల తేలే అంశాలు ఇవి. సాహిత్ ఆటను తీర్చిదిద్దినవి కాలిఫోర్నియా మైదానాలు, అమెరికా విద్యాలయ వ్యవస్థ, వర్ణవివక్షను ఎదిరించిన పూర్వతరాల పోరాటం. తెలుగు నేల మీది సంస్థలకు అందులో భాగం లేదు. కనుక అతడి గెలుపును తెలుగు ప్రాంత క్రీడాభివృద్ధికి నిదర్శనంగా చూపడం సరికాదు. అలాగని అతడిని మన చరిత్ర నుంచి తొలగించడమూ సరికాదు. తెలుగువారి చరిత్ర తెలుగునేలతో ఆగిపోలేదు. అది నాగపూర్‌కు, కాలిఫోర్నియాకు వెళ్లింది. సాహిత్‌కు తగిన స్థానం ఆ వలస చరిత్రలోని ఒక అధ్యాయం.

తెలుగు క్రీడాచరిత్రకారులు ఇకపై పతకాల జాబితాతో పాటు, ఆ పతకం ఏ నేల మీద, ఎవరి ఖర్చుతో, ఏ తలుపులు తెరుచుకున్నందువల్ల వచ్చిందో కూడా నమోదు చేయవలసి ఉంది. ఆ ప్రశ్నలు వేసినప్పుడే అల్లూరులోనో మరో తీర గ్రామంలోనో ఆడటానికి చోటు లేని పిల్లల సంగతి కూడా క్రీడాచరిత్రలో భాగమవుతుంది.