పట్టా గంట

ఇంకో రెండు తాటి మట్టలు వెయ్యండ్రా మంటలో. దగ్గరికి జరగండి. కొత్త గంట ఉండగా గుడి వసారాలో ఆ తుప్పు పట్టిన రైలు పట్టా ముక్క ఎందుకు తాతా అని అడిగాడుగా చిన్నోడు, చెబుతాను.

1977 నవంబరు 19, శనివారం. నాకు పదిహేనేళ్లు. దివిసీమంతా వరి కోతకొచ్చి ఉంది. పొద్దుటి నుంచీ ఒకటే గాలి. సాయంకాలానికి సముద్రం నల్లటి గోడలా నడిచొచ్చింది. నాన్న నన్ను తుమ్మచెట్టు ఎక్కించి తను కింది కొమ్మ పట్టుకున్నాడు. రాత్రంతా ముళ్లు దిగుతున్నా నేను కొమ్మ వదల్లేదు. తెల్లారేసరికి నాన్న లేడు.

ఆ ఉప్పెనలో పదివేల మందికి పైగా పోయారు. మన పేటలో అయితే మిగిలినవాళ్లనే లెక్కపెట్టుకున్నాం.

తెల్లారితే ఆదివారం. తాటాకు గుడి ఆనవాలు లేదు. ఇంటింటికీ తిరిగి బైబిలు వాక్యం చెప్పే మన బైబిలమ్మ, అప్పటికే అరవై దాటినామె, కట్ట మీదుగా వచ్చి, బురదలో కాళ్లతో దేవులాడి, అప్పటిదాకా గుడికి గంటగా ఉన్న ఆ పట్టా ముక్కను పట్టుకుంది. విరిగిన తాడిమానుకు కట్టి ఠంగు ఠంగున కొట్టింది. ఊళ్లోవాళ్లు, పాలెంవాళ్లు, పేటవాళ్లు, బతికినవాళ్లంతా ఆ మోత వెంట వచ్చారు. ప్రార్థనకని రాలేదురా, అక్కడ ఎవరో మనుషులున్నారని వచ్చారు.

బైబిలు నీళ్లలో పోయింది. ఆమె 46వ కీర్తన నోటికే చెప్పింది. గొంతు వణుకుతూనే ఉంది, ఆపలేదు. ఇద్దరు బిడ్డల్ని పోగొట్టుకున్న మా పెద్దమ్మ మధ్యలో లేచి, "రాత్రి ఎక్కడున్నాడే నీ ప్రభువు?" అని అరిచింది. బైబిలమ్మ కీర్తన ముగించి, వెళ్లి ఆమె పక్కన బురదలో కూర్చుంది. ఒక్క మాట చెప్పలేదు. యోబు స్నేహితులు ఏడు పగళ్లు, ఏడు రాత్రులు మాట్లాడకుండా కూర్చున్నంతసేపే మంచివాళ్లురా, నోరు తెరిచాకే చెడ్డారు అని తర్వాత నాతో అనేది.

హెలికాప్టర్లు అన్నం పొట్లాలు పడేశాయి. ఎన్టీఆర్, ఏఎన్నార్ మనకోసం వీధుల్లో జోలె పట్టారు. రామకృష్ణ మిషన్ వాళ్లు సీమలో ఇళ్లు కట్టించారు. ఆ చేతులన్నీ ప్రభువువే అనేది బైబిలమ్మ. నాన్న ఎందుకు పోయాడో నాకు ఇప్పటికీ తెలియదు. ఆ గంట మోగకపోతే మాత్రం నేను ఆ చెట్టు దగ్గరే కూలబడి ఉండేవాణ్ణి.

పెద్దమ్మ ఆ క్రిస్మస్‌కి కూడా ప్రార్థన చెయ్యలేదు. ఆమె పేరు మీద బైబిలమ్మే చేసేది. మరుసటేడు కోత పండుగకి పెద్దమ్మ కుంచెడు ధాన్యం తెచ్చి, గుడిలో బల్ల ముందు పెట్టి వెళ్లిపోయింది.

రేపు ఆదివారం. చిన్నోడా, పెందలాడే లేచి రా. ఆ పట్టా ముక్క నువ్వే కొడుదువుగాని.