ఆవిరి నాగలి వెంట

యంత్రమును కల్పించినవాని పేరు గ్రంథములకెక్కును. ఆ యంత్రము దూరదేశమున బురదపొలములో నిలిచిపోయినప్పుడు పనిముట్ల పెట్టెతో పోయి దానిని మరల నడిపించినవాని పేరు తఱచుగా మఱుగునపడును. పందొమ్మిదవ శతాబ్దపు ఆవిరి నాగలి చరిత్రమందును ఈ యన్యాయము కలదు. అయినను అందు మాక్స్ ఐట్ అను జర్మను ఇంజనీరు వృత్తాంతము మాత్రము మనకు దక్కుట అదృష్టము.

జాన్ ఫౌలర్ నిర్మించిన ఆవిరి నాగలికి 1858లో ఇంగ్లండునందలి రాయల్ అగ్రికల్చరల్ సొసైటీవారు 500 పౌండ్ల బహుమానమొసగిరి. పిమ్మట అతడు లీడ్సు నగరమున కర్మాగారము నెలకొల్పి, బరువైన ఇంజను చేనిలో దిగినచో నేల అణగి గట్టిపడునని యెఱిగి, ఈ గట్టున నొకటి ఆ గట్టున నొకటి ఇంజనులను నిలిపి, నడుమ ఉక్కుమోకుతో నాగలిని అటునిటు లాగించు పద్ధతిని పెంపొందించెను. ఇట్టి యేర్పాటునందు ఏ యొక్క అంగము చెడినను తక్కినవన్నియు నిలిచిపోవును: మోకు తెగవచ్చును, పండ్లచక్రము విరుగవచ్చును, బురదనీటివలన బాయిలరులో పొరలు పేరుకొని ఆవిరి తగ్గవచ్చును. కర్మాగారము చెంతనున్న రైతునకు ఇవి కొలది దినముల చిక్కులు. సముద్రమున కావలనున్నవానికి ఒక పైరుకాలమే వృథాపోవును.

1836లో వుర్టెంబర్గు రాజ్యమున జన్మించిన ఐట్, 1861లో ఫౌలర్ కొలువున జేరి, 1863లో ఈజిప్టునకు బోయెను. అంతర్యుద్ధముచేత అమెరికా పత్తి ఇంగ్లండు మరలకు చేరక, దాని ధర విపరీతముగా పెరిగిన కాలమది. మన కాకినాడ రేవున పత్తి యెగుమతి పుంజుకొన్నదియు ఆ దినములలోనే. నైలు లోయ యంతయు పత్తి విత్తవలెనని ఆత్రపడుచుండగా, గొడ్లకు మహమ్మారి సోకి దుక్కిటెద్దులు మందలు మందలుగా కూలెను. ఎద్దు లేనిచోట ఆవిరినే ఆశ్రయింపవలసివచ్చెను. ఈజిప్టు నేలిన మహమ్మదు ఆలీ కుమారుడైన హలీం పాషా ఐట్‌ను తన భూములకు ప్రధాన ఇంజనీరుగా నియమించెను.

ఆ యుద్యోగమున హోదాకంటె శ్రమయే అధికము. ఒండ్రునేలలో మర యెట్లు ప్రవర్తించునో లీడ్సులో గీసిన పటములయందు కానరాదు. చెడినచోటనే కొలిమి రగిల్చి అతుకవలెను. అట్టి యంత్రము నెన్నడును చూడని కృషీవలులకు దానిని నడుపుట నేర్పవలెను. బాగుచేయుటకన్న ఈ నేర్పుటయే గొప్ప పనియని నా దృఢాభిప్రాయము; ఏలయన బాగుచేయువాడు మఱియొక తావునకు పోవలసినవాడు, మర అచ్చటనే యుండవలసినది.

1864లో ఫౌలర్ 38 ఏండ్లకే గతించెను. అతని నాగలి మాత్రము ఖండాంతరములకు సాగుచునే యుండెను. యుద్ధము ముగిసి పత్తి ధర పడిపోగా, 1866లో ఐట్ ఈజిప్టు విడిచి అమెరికాకు వెడలెను. ఇట్లు దేశదేశములు తిరిగి 1882లో స్వదేశము చేరెను. నాగలిని, మరపనివాని బిగింపుపట్టును పేరుననే నిలుపుకొన్న అతని అనుభవగ్రంథము 1899లో వెలువడెను. అంతకుముందే, 1885లో, అతడు జర్మను వ్యవసాయ సంఘమును స్థాపించి, యంత్రములు చేయువారును వాడువారును ముఖాముఖి కలిసికొను ప్రదర్శనమును 1887లో ఫ్రాంక్‌ఫర్టున జరిపించెను; ఆ ప్రదర్శనమును ఒక్క నగరమున కట్టివేయక, ఏటేట ఊరు మార్చుచు రైతులున్న చోటికే కొనిపోవు నియమము నేర్పఱచెను.