టిష్యూలో పోగు

సూరత్ బట్టల బజారులో టిష్యూ అంటే చీర. పట్టు పడుగులో జరీని పేకగా నేస్తే వచ్చే మెరుపు బట్ట. తెలంగాణ నుంచి వెళ్లి లింబాయత్, ఉధనాల్లో సాంచాల మీద బతికే పద్మశాలీలకూ ఆ మాట కొత్త కాదు. వాళ్లే ఆస్పత్రికి వెళ్తే, టిష్యూ అంటే బయాప్సీకి తీసిన ముక్క.

రెండూ ఒకటే మాట. లాటిన్‌లో నేయడాన్ని తెక్సేరె అన్నారు; దాన్నుంచి ఫ్రెంచిలో తిస్సు, అంటే నేసినది. దాన్ని ఒంటికి అంటగట్టినవాడు పారిస్ వైద్యుడు బిషా. 1801 నాటి గ్రంథంలో 21 రకాల తిస్సులు లెక్కపెట్టాడు. సూక్ష్మదర్శినిని నమ్మక, ఉడకబెట్టీ ఎండబెట్టీ నానబెట్టీ తేల్చాడు. జంతువుల ఒళ్లంతా కణాలేనని ష్వాన్ చెప్పింది 1839లో. అంటే బిషా తన నేతలు లెక్కపెట్టేనాటికి శాస్త్రంలో కణసిద్ధాంతమే లేదు.

మన 'కణజాలం' ఆ తర్వాత కట్టిన మాట, అందుకే కణం ముందు కూర్చుంది. జాలమంటే వలే; కానీ జంతుజాలం అలవాటైన చెవికి గుంపనే వినిపిస్తుంది. పాఠ్యపుస్తకం చెప్పేదీ కణాల సమూహమనే. కణాల నడిమి దారం జారిపోయింది. 'నేత' అనే మాట ఇంట్లోనే ఉండగా దాన్ని వదిలేయడం నాకు రుచించదు.

కణితి కథలో సగం ఆ దారానిదే. చుట్టూ ఉన్న ఫైబ్రోబ్లాస్టులనే కణాలు కొల్లాజెన్ పోగులు పోస్తాయి. కొన్ని రొమ్ము కణితుల్లో అవి గడ్డ అంచుకు లంబంగా బయటికి తిరుగుతాయి, క్యాన్సర్ కణాలు వాటి వెంటే పాకుతాయి. కొల్లాజెన్ తన మీద పడిన లేజర్ కాంతిలో కొంత సగం తరంగదైర్ఘ్యంతో తిప్పి పంపుతుంది కనుక, రంగు వేయకుండానే ఈ పోగుల వాలు సూక్ష్మదర్శినిలో కనిపిస్తుంది.

రోగి ఒంట్లోనే చూడాలంటే పెట్ స్కాన్. అందులో వాడుకలో ఉన్న ఎఫ్‌డీజీ అనే ట్రేసర్, చక్కెర ఎక్కువ మింగే కణాలను పట్టిస్తుంది. హైడెల్‌బర్గ్ పరిశోధకులు 2018లో వెలువరించిన ఫాపీ అనే ట్రేసర్, చురుకెక్కిన ఫైబ్రోబ్లాస్టుల మీది ప్రొటీన్‌కు అతుక్కుని నేతగాణ్ణే చూపుతుంది. చిక్కేమిటంటే, మానుతున్న గాయంలోనూ వాచిన కీళ్లలోనూ ఈ నేతగాళ్లు పనిలోనే ఉంటారు. అక్కడా స్కాన్ వెలుగుతుంది. అనుమానం తీరాలంటే మళ్లీ బయాప్సీ ముక్కే దిక్కు.