చెవితో మొదలై మీటరుతో ముగిసే వెతుకులాట

విజయవాడ జవహర్ ఆటోనగర్‌లో ఒక రేకుల షెడ్డు కింద, పాత డీజిల్ కారు డ్రైవర్ సీట్లో కూర్చున్నారు మీరు. పక్క వీధిలో లారీ బాడీ కడుతున్నారు. ఇనుము మీద సుత్తి దెబ్బలు ఆగకుండా వినిపిస్తున్నాయి. అద్దాలు నాలుగూ ఎత్తమన్నాడు మేస్త్రీ. ఏసీ వెయ్యొద్దన్నాడు. తాళం తిప్పి, ఇంజిన్ మాత్రం స్టార్ట్ చేయకుండా ఆపమన్నాడు. స్టీరియోలో ఘంటసాల పాట మొదలైంది. పల్లవి అయిపోయి చరణం ఎత్తుకునేలోపు వచ్చే చిన్న విరామంలో, స్పీకర్ల నుంచి సన్నటి 'స్స్' తప్ప ఇంకేమీ లేదు.

"ఇప్పుడు స్టార్ట్ చెయ్యండి."

ఇంజిన్ అందుకుంది. దాంతోపాటే పాట వెనక ఒక ఈల పుట్టింది. యాక్సిలరేటర్ తొక్కితే ఈల పైకెక్కుతోంది, వదిలితే కిందికి దిగుతోంది. మేస్త్రీ కిటికీ పక్కన నిలబడి ఇంకోసారి తొక్కమన్నాడు. అప్పుడే సగం జబ్బు తెలిసిపోయింది ఆయనకి. ఇది డీజిల్ బండి, స్పార్క్ ప్లగ్గులు లేవు కాబట్టి ఇగ్నిషన్ టికటికలు ఉండవు. వేగంతోపాటు ఎక్కి దిగుతోందంటే ఇది ఆల్టర్నేటర్ గొంతు.

లెక్క చూడండి. ఇంజిన్ నిమిషానికి 800 చుట్లు తిరుగుతుంటే, కప్పీల తేడా వల్ల ఆల్టర్నేటర్ సుమారు 2000 చుట్లు తిరుగుతుంది. 12 ధ్రువాల ఆల్టర్నేటర్ అయితే డయోడ్లు దాటి బయటికొచ్చే కరెంటులో చుట్టుకు 36 అలలుంటాయి. అంటే సెకనుకు 1200. ఇంజిన్ 2400కి ఎక్కితే అవే 3600 అవుతాయి. మనిషి చెవి బాగా చురుగ్గా ఉండేది 2000 నుంచి 5000 హెర్ట్జ్ మధ్యలోనే. అందుకే ఎంత చిన్న ఈలైనా పాటను దాటుకొచ్చి గుచ్చుతుంది.

"అన్నా, ఫిల్టర్ పెట్టేద్దామా?" అని చిన్న డబ్బా చేతిలో పట్టుకుని అడిగాడు షెడ్డులో పని నేర్చుకుంటున్న కుర్రాడు.

"అక్కడ పెట్టరా. ముందు ఎక్కణ్నుంచి వస్తోందో చూద్దాం."

ఈ మాట దగ్గరే మంచి పనికీ తొందర పనికీ దారులు చీలతాయి. అలాంటి డబ్బాల్లో ఉండేవి చిన్న ట్రాన్స్‌ఫార్మర్లు. అవి ఈలను ఆపొచ్చు. కానీ చవకరకమైతే మంద్ర స్వరాలను కూడా తినేస్తాయి, డగ్గా మోత పలచబడుతుంది. పైగా అసలు లోపం కార్పెట్ కింద అలాగే ఉండి రోజురోజుకీ ముదురుతుంది.

బానెట్ ఎత్తారు. మీటరు బ్యాటరీ మీద 14.2 వోల్టులు చూపిస్తోంది, చార్జింగ్ బాగానే ఉంది. మేస్త్రీ మీటరును ఏసీ వోల్టుల మీదికి తిప్పాడు. 0.04. డయోడ్ పోయి ఉంటే ఈ అంకె ఇంత చిన్నగా ఉండేది కాదు. ఆల్టర్నేటర్ తప్పేం లేదు. అలలు ప్రతి బండిలోనూ కొంత ఉంటాయి. అవి పాటలోకి దూరడానికి దారి ఎక్కడ దొరికిందన్నదే ప్రశ్న.

"వాల్యూమ్ సున్నా చెయ్యండి."

చేశారు. పాట పోయింది, ఈల మాత్రం అంతే ఉంది. వాల్యూముతో తగ్గడం లేదంటే స్టీరియోలో వాల్యూమ్ దాటాకే చొరబడుతోంది. చార్జరుకు పెట్టిన ఫోను తీసి చూశారు, తేడా లేదు.

ఇక డిక్కీ తెరిచారు. సిస్టమ్ మొత్తం ఆపించాకే ఆంప్లిఫయర్ నుంచి, స్టీరియో పాటను దానికి చేర్చే ఆర్‌సీఏ వైర్లు లాగాడు మేస్త్రీ. నడుస్తుండగా లాగితే కొన్ని స్టీరియోల్లో ఆ వైరు కవచాన్ని ఎర్తుకు కలిపే సన్నటి ఫ్యూజు కాలిపోతుంది. కాలితే అదే ఇంకో ఈలకు కారణమవుతుంది. వైర్ల చోట, ఏ సిగ్నలూ లోపలికి రానివ్వని షార్టింగ్ ప్లగ్గులు పెట్టి స్టార్ట్ చేయించాడు. ఈల లేదు. ప్లగ్గులు తీసి, చార్జరుకు తగిలించని ఫోను నుంచి నేరుగా ఆంప్‌కు పాట ఇచ్చాడు. ఈల లేదు. అంటే ఆంప్ లోపల జబ్బు లేదు. కొత్త ఆర్‌సీఏ వైరు సీట్ల మీదుగా పరిచి స్టీరియోకు కలిపాడు. ఈల వచ్చేసింది! పాత వైరుదీ తప్పు కాదు, అది వెళ్లిన దారిదీ కాదు. స్టీరియో, ఆంప్ ఒకదానికొకటి కలిసినప్పుడే ఈల పుడుతోంది.

మేస్త్రీ ముఖం విప్పారింది. "బాడీ ఎర్తండీ. కొలుద్దాం."

బ్యాటరీ నెగటివ్ నుంచి పొడవాటి వైరు డిక్కీ దాకా లాగి మీటరుకు నల్ల తీగగా కలిపాడు. మీటరును మళ్లీ డీసీ మీదికి తిప్పి, పాట గట్టిగా పెట్టించి, ఎర్ర తీగను ఆంప్ ఎర్త్ పాయింటుకు ఆనించాడు. 0.38 వోల్టు. స్టీరియో ఎర్త్ దగ్గర 0.01.

దొంగ దొరికింది. ఒకే చెరువు లోతును ఇద్దరు ఎత్తు తేడా ఉన్న రెండు గట్ల మీద నిలబడి కొలుస్తున్నట్టుంది ఇక్కడి పరిస్థితి: స్టీరియో సున్నా వేరు, ఆంప్ సున్నా వేరు. ఆ తేడాలో ఆల్టర్నేటర్ అలలు కలిసి ఉన్నాయి. రెండింటినీ కలుపుతున్నది ఆర్‌సీఏ వైరు కవచం కాబట్టి, కరెంటు అందులోంచి కూడా దారి చేసుకుంది. ఆంప్‌కు అది పాటో కాదో తెలియదు. వచ్చినదాన్ని పెంచి స్పీకర్లకు పంపింది.

కార్పెట్ లేపారు. ఎవరో ఎర్త్ లగ్గును సీటు బెల్టు బోల్టు కింద, పెయింటు మీదే పెట్టి బిగించారు. మేస్త్రీ గొంతు గట్టిపడింది. "ఈ బోల్టు ప్రాణం కాపాడేది. దీని జోలికి రాకూడదు." లగ్గు తీసి, బెల్టు బోల్టును ఉండాల్సినంత బిగువుగా బిగించాడు. బ్యాటరీ నెగటివ్ విప్పించాడు. కారు కిందికి దూరి, ట్యాంకు, ఇంధనం గొట్టం ఎక్కడున్నాయో చూసొచ్చాకే డ్రిల్లు అందుకున్నాడు. కొత్త చోట పెయింటు గీకాడు. ఎమ్రీ కాగితంతో రుద్దితే రేకు తెల్లగా మెరిసింది. స్టార్ వాషర్, కొత్త లగ్గు, బోల్టు, నట్టు పెట్టి బిగించాడు. తుప్పు రాకుండా పైన గ్రీజు రాశాడు. ఆంప్ నుంచి ఎర్త్ వైరు ఇప్పుడు మూర కూడా లేదు.

బ్యాటరీ నెగటివ్ తిరిగి కలిపి మళ్లీ స్టార్ట్ చేశారు. హెడ్‌లైట్లు, ఏసీ, వెనకద్దం హీటరు అన్నీ వేయించాడు. ఆల్టర్నేటర్ మీద భారం పడనిదే పరీక్ష పూర్తి కాదు. మీటరు 0.02. మీరు యాక్సిలరేటర్ తొక్కారు. ఈల లేదు.

ఆ 'స్స్' మిగిలింది. ఆంప్ గెయిన్ చివరిదాకా తిప్పి ఉంది. గెయిన్ అంటే వాల్యూమ్ కాదు, స్టీరియో ఇచ్చే వోల్టేజీకి ఆంప్‌ను సరిపెట్టే మర. స్టీరియోను ముప్పావు వంతు మీద పెట్టి, గొంతు బొంగురుపోనంతవరకే గెయిన్ ఉంచాడు. 'స్స్' చెవికి అందకుండా పోయింది.

పని అయ్యాక కుర్రాడి చేత ఒక కాగితం మీద రాయించాడు: ఎర్త్ ముందు 0.38, తర్వాత 0.02, బ్యాటరీ ఏసీ 0.04, తేదీ. దాన్ని ఆంప్ పక్కన అతికించమన్నాడు. రేపు ఈ డిక్కీ తెరిచేవాడు ఇంకెవరైనా కావచ్చు. అంకె 0.02 దాటి ఎంత పెరిగిందో చూసుకుంటే వాడి పని అక్కణ్నుంచే మొదలవుతుంది. ఫిల్టర్ డబ్బా పెట్టి ఉంటే, ఆ వచ్చేవాడికి ఇవేవీ తెలిసేవి కావు.