బస్తర్ దారిలో డేరా మోసేదెవరు?

1323లో ఓరుగల్లు పడిపోయాక కాకతీయ అన్నమదేవుడు గోదావరి దాటి బస్తర్‌లో రాజ్యం స్థాపించాడని అక్కడి రాజవంశ కథనం.

మైదానంలో దండు విడిది వేరు. అక్బరు పాదుషా విడిదిని ఒక్కసారి తరలించాలంటే 100 ఏనుగులు, 500 ఒంటెలు, 400 బండ్లు కావాలని అయినీ అక్బరీ చెబుతోంది. బస్తర్ అడవిలో అంత సరంజామా సాగదు. బండి దారి లేనిచోట బంజారాలే దిక్కు. తీరప్రాంతపు ఉప్పును ఎద్దుల మీద తెచ్చేవాళ్లు. మజిలీలో దించిన బస్తాలనే గోడగా పేర్చి, పైన గుడ్డ కప్పితే అదే డేరా!

మన ఫౌజులోనూ టెంట్లకు 40 పౌండర్, 180 పౌండర్ అని బరువుతోనే పేర్లు. వానకు తడిసిన కాన్వాసు ఇంకా బరువెక్కుతుంది. వాగులు పొంగి బండి ఆగిపోతే ఆ బరువు జవాను భుజానికే వస్తుంది. కాబట్టి డేరాలో ఎందరు పడుకుంటారో లెక్కవేసే ముందు, దాన్ని మోసేదెవరో, వెళ్లే దారేదో చూసుకోవాలి.